పటాన్‌చెరు సభలో నేనిచ్చిన ఉదాహరణ

1999 ఫిబ్రవరి 10, బుధవారం. ఉన్నవారు: నేను, పటాన్‌చెరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వెంకట్‌రెడ్డి, ఊళ్ళో వ్యవసాయం చూసుకునే ఆయన అన్న పెంటారెడ్డి, పెంటారెడ్డి భార్య సుగుణమ్మ, కొడుకు శ్రీశైలం, కోడలు అనిత, మూడేళ్ళ మనవరాలు. కొట్టంలో ఆరు గేదెలు.

తేదీ, ఉన్నవారి పేర్లు రాశాకే మిగతాది రాయడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు అలవాటు. పడవల మీద తిరిగే పని కాబట్టి ఎవరెవరు బయల్దేరారో కాగితం మీద ఉండాలని మా పై అధికారి మొదటి రోజే చెప్పాడు. ఈ ప్రయాణం గురించి రాయమని కాకినాడలో మిత్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. తీరిక లేదని తప్పించుకున్నాను. నిజానికి నాకున్నదంతా తీరికే. సిగ్గు వల్ల రాయలేదు. ఇప్పుడు కూడా ఆ ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను సముద్ర జీవశాస్త్రవేత్తను. గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవులు, పీతలు, గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేళ్ళు, వీటి మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. మడచెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వుతుంటే అడ్డంపడి తిట్లు తిన్నాను. వలలో పడ్డ తాబేలును వదిలేయమని రేవు రేవునా తిరిగి బతిమాలాను. నది ఏం తెచ్చి పోస్తుందో చూడటమే నా పని. అది ఎక్కడి నుంచి తెస్తుందో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయని పటం మీద వేలుపెట్టి విద్యార్థులకు చూపించేవాణ్ణి, అంతే.

వెంకట్‌రెడ్డి ఒకసారి తన విద్యార్థులతో మడ అడవులు చూడటానికి వచ్చాడు. పడవ దిగేటప్పుడు, "సార్, మీరు కూడ ఒక్కపారి మా దిక్కు రావాలె. మీ సముద్రానికి మేం ఏం తోల్తున్నమో చూద్దురు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రిటైరయ్యాక ఆ మాట పట్టుకుని బయల్దేరాను.

బొంబాయి రోడ్డు

సికింద్రాబాదులో రైలు దిగి బస్సెక్కితే ఎండ ముదరకముందే పటాన్‌చెరు చేరాను. ఊరికంటే ముందు వాసన ఎదురొచ్చింది. మందుల షాపులో సీసా పగిలితే వచ్చే వాసన. పక్క సీటు పెద్దమనిషికి అదేమీ తెలియడం లేదు. నేను ముక్కు దగ్గర రుమాలు పెట్టుకోవడం చూసి, "కొత్తగొచ్చినవా? రెండు దినాలైతే నీ ముక్కే ఊకుంటది" అని ధైర్యం చెప్పాడు.

మా వైపు తెల్లారితే కాఫీ. ఇక్కడ పొద్దెక్కినా, పొద్దుగుంకినా చాయే. రోడ్డు పక్క హోటల్లో కప్పు రెండు రూపాయలు, పాలు చిక్కగా మరిగి పైన మీగడ కట్టి ఉంది. వెంకట్‌రెడ్డి సాసర్లో పోసుకుని జుర్రాడు. నేనూ అలాగే చేయబోయి చొక్కా మీద ఒలకబోసుకున్నాను.

పెంటారెడ్డి ఇల్లు

ఆటోలో వాగు పక్కనున్న వాళ్ళ ఊరు చేరాం. గేటు తీస్తూనే పెంటారెడ్డి, "రా సారూ, మంచిగున్నవా? దూప గొన్నవు, కూసో, నీళ్ళు తాగు" అన్నాడు. మా వైపు నా వయసువాణ్ణి ఎవరైనా నువ్వు అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇక్కడ వెంకట్‌రెడ్డి తప్ప మనవరాలు మొదలు అందరూ నన్ను నువ్వే అన్నారు, పూట గడవకముందే అది అలవాటైంది. ఊళ్ళో నాకు 'సముద్రం సారు' అని పేరు కూడా పడిపోయింది.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు. రొట్టెను ఎలా తుంచాలో నాకు చేతకాలేదు. చపాతీలా మడవబోతే విరిగి ముక్కలైంది. అనిత కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది. సుగుణమ్మ ముక్కలన్నీ కూరలో నాననిచ్చి, "గిట్ల తిను. పండ్లు లేనోళ్ళకు గిట్లనే పెడ్తం" అంది. నా పళ్ళన్నీ ఉన్నాయని చెప్పినా వినలేదు.

మరునాడు తెల్లవారగానే కొట్టం లోంచి పాలు తీసుకొచ్చి కాచి గ్లాసు నిండా ఇచ్చింది. అంత చిక్కటి పాలు నేను తాగి చాలా కాలమైంది. ఆ మాటే అన్నాను.

"పటంచెరుల మాణిక్యం సేటు మిఠాయికి మా పాలే" అంది సుగుణమ్మ గర్వంగా. "ఈ దిక్కు ఊర్ల పాలంటేనే గిరాకీలు ముక్కిరుస్తరు సారూ. వేరేటోళ్ళయి సేటు తీసుకోడు. మాయి మాత్రం నమ్మిండు."

పెంటారెడ్డి మిగతాది చెప్పాడు. వాగు పక్కన ఆయనకున్న వరి మడి ఏనాడో పడావు పడింది. కంపెనీల నీళ్ళు వాగులోకి దిగాక వేసిన నాట్లు పసుపెక్కి చచ్చేవి. శ్రీశైలం మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద కొన్నాళ్ళు చేస్తే మానుకోమన్నారు. "ఇగ ఇల్లు నడిపేది గీ బర్రెలే. సేటు ఒక్కడు వద్దంటే మేం ఏడ పోవాలె?" అన్నాడు. ఇదంతా నేను విన్నాను, తలూపాను, డైరీలో కూడా రాసుకున్నాను.

వాగు

గురువారం వాగు చూడటానికి వెళ్ళాం. నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. గట్టు పొడుగునా తెల్లటి పొరలు కట్టాయి. ఒడ్డున నాలుగైదు గేదెలు గడ్డి మేస్తున్నాయి.

నీళ్ళు కనిపిస్తే ప్యాంటు మడిచి దిగడం నా పాత జబ్బు. పెంటారెడ్డి "దిగకు సారూ!" అని అరిచేసరికి పిక్కల దాకా దిగి ఉన్నాను. అడుగున బురద మెత్తగా లేదు, జిగురుగా ఉంది. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. గట్టెక్కిన కాసేపటికి కాళ్ళకు మంట మొదలైంది. ఇంటికొచ్చాక సుగుణమ్మ కొబ్బరినూనె తెచ్చి ఇస్తే, పక్కింటి ముసలామె గోడ మీంచి చూసి, "సముద్రంల ఈదిన సారట! మా వాగుల పిక్కలు తడుపుకొని మూల్గుతుండు" అంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ప్యాంటు అంచుకు పట్టిన గోధుమ రంగు మూడుసార్లు ఉతికినా వదల్లేదు.

సాయంత్రం ఫ్యాక్టరీలున్న పాశమైలారం వైపు వెళ్ళాం. షిఫ్టు దిగిన జనం గేట్ల ముందు కూరగాయలు బేరమాడుతున్నారు. హిందీ, ఒరియా, తెలుగు కలిసిపోయి వినిపిస్తున్నాయి. టీ కొట్టు బెంచీ మీద నా పక్కన కూర్చున్న నడివయసు మనిషి గంజాం నుంచి వచ్చిన జాలరి. ఇక్కడ డ్రమ్ములు కడిగే పని. నేను సముద్రం మనిషినని వెంకట్‌రెడ్డి చెప్పగానే అతను జీతం గురించి గానీ జబ్బుల గురించి గానీ మాట్లాడలేదు.

"బాబూ, ఈ ఏడు తాబేళ్ళు ఒడ్డెక్కాయా?" అని అడిగాడు.

మా వైపు రావడం మొదలుపెట్టాయని చెప్పాను. అతను నా టీ డబ్బులు ఇచ్చేశాడు, ఎంత చెప్పినా వినలేదు. "మా ఇంటికాడి కబురు చెప్పావు కదా" అన్నాడు. ఈ ప్రయాణంలో తలుచుకుంటే సిగ్గనిపించని పూట అదొక్కటే.

సంగారెడ్డిలో ప్రొజెక్టర్

శుక్రవారం మధ్యాహ్నం పటాన్‌చెరు ఫంక్షన్ హాల్లో సభ. వాగు కోసం వెంకట్‌రెడ్డి, అతని స్నేహితులు పెట్టుకున్నది. నేను నా పని గురించి స్లైడ్లతో చెప్పాలి. పొద్దున్నే స్లైడ్ ప్రొజెక్టర్ కోసం సంగారెడ్డి వెళ్ళాం. ఫోటో స్టూడియో యజమాని దాన్ని చిన్నపిల్లను అప్పగించినట్టు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "పెండ్లిలకు కూడ ఇయ్య సార్. మీరు పెద్దమనుషులని ఇస్తున్న. బల్బు జెర జాగ్రత్త" అన్నాడు. మార్కెట్లో మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా కాకినాడ బజ్జీలో వాము ఉంటుంది, ఇక్కడ కారం మీద కారం. కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కాను.

సభ

హాలు నిండింది. రైతులు, కాలేజీ పిల్లలు, కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, బజారు వ్యాపారులు. ముందు వరసలో మల్లెపువ్వులాంటి చొక్కాలో కూర్చున్నాయన మాణిక్యం సేటు అని వెంకట్‌రెడ్డి చెవిలో చెప్పాడు. ఆ రోజు అందరికీ టీ, మిక్చర్ ఆయన ఖర్చే. ఆయన పక్కనే పెంటారెడ్డి. నన్ను తన ఇంట్లో దింపుకున్నానన్న సంతోషం ఆయన కూర్చున్న తీరులోనే కనిపిస్తోంది.

మొదటి స్లైడు పడింది: ఇసుకలో తాబేలు నడిచిన జాడ. రెండోది పెట్టేసరికి టప్‌మని బల్బు పోయింది. హాల్లో ఈలలు. నేను కంగారుపడలేదు. కరెంటు లేని రేవుల్లోనే కదా నేను మాట్లాడటం నేర్చుకున్నది.

అక్కడ నాకొక పద్ధతి ఉండేది. జాలరిపేటలో సభ పెట్టేముందు ఆ పూట ఎవరింట్లో ఏం వండారో కనుక్కునేవాణ్ణి. ఆ కూరతోనే మొదలుపెట్టేవాణ్ణి. "ఇవాళ నూకమ్మ గారింట్లో పీతల పులుసు. ఆ పీత ఏం తింది? అది తిన్న పురుగు ఏం తింది?" అంటూ పులుసు గిన్నె నుంచి బురద దాకా, బురద నుంచి రొయ్యల చెరువు మందుల దాకా తీసుకెళ్ళేవాణ్ణి. పేరు చెబితే జనం నవ్వేవారు, నవ్వితే వినేవారు. నూకమ్మకు పోయేదేమీ లేదు. ఆ తీరమంతా అవే పీతలు, కొనేవాడు ఎక్కడో దూరాన ఉన్న ఎగుమతిదారు.

ఆ శుక్రవారం కూడా అలాగే మొదలుపెట్టాను.

"పొద్దున్నే మీలో పాలు తాగినవాళ్ళెవరు?"

చేతులు లేచాయి.

"నేనూ తాగాను. మన పెంటారెడ్డి గారింట్లో, గ్లాసు నిండా. అంత రుచైన పాలు నా జన్మలో తాగలేదు. సరే, ఆ గ్లాసులోకి ఏమేం వచ్చాయో వెనక్కి నడిచి చూద్దాం."

పెంటారెడ్డి మొదట నవ్వాడు. పాలు గేదెలోంచి, గేదె గడ్డిలోంచి, గడ్డి వాగులోంచి, వాగు కంపెనీ గొట్టంలోంచి. గొట్టంలో ఏముంటుందో నాకు తెలిసిన లోహాల పేర్లన్నీ చెప్పాను. అవి పాలలో ఎలా చేరతాయో, పిల్లల ఎముకల్లో ఎలా నిలుస్తాయో చెప్పాను. మళ్ళీ ముందుకు నడిపించాను: పాలు కోవాలోకి, కోవా మిఠాయిలోకి, మిఠాయి మీ ఇంట్లోకి. ఆ మాటన్నప్పుడు నా చెయ్యి దానంతటదే ముందు వరస వైపు చూపించింది. జనమంతా మెడలు తిప్పి మాణిక్యం సేటును చూశారు. కొందరు నవ్వారు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. నా జీవితంలో అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదు. ఉప్పొంగిపోయాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు: ఆ క్షణాన నేను చాలా సంతోషంగా ఉన్నాను.

బయట సేటు నాకు నమస్కారం పెట్టి, "మంచిగ చెప్పిండ్రు సార్" అన్నాడు. పెంటారెడ్డితో మాట్లాడలేదు.

తిరిగి వచ్చేదారి

ఆటోలో వెంకట్‌రెడ్డి ఆగకుండా మాట్లాడుతున్నాడు. పెంటారెడ్డి రోడ్డు వైపే చూస్తున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు:

"జెర పేరు చెప్పకపోతే మంచిగుండె సారూ."

"ఏమైతది అన్నా?" అన్నాడు వెంకట్‌రెడ్డి. "సార్ మన మంచికే చెప్పిండు. జనం మేలుకుంటరు."

"జనం మేలుకుంటరు గని..." అని పెంటారెడ్డి నా వైపు తిరిగాడు. "మా బర్రెలను వాగుకు తోలక ఆరేండ్లాయె. వాగుకు దూరంగున్న చెల్కల పెరిగిన గడ్డే కోసుకొచ్చి వేస్తం. నువ్వు చూసినయి పక్కూరోళ్ళయి" అన్నాడు.

ముందుకు వంగి అడిగాను: "మరి చెప్పలేదేమండీ?"

"నువ్వు అడగలే."

నిజమే, అడగలేదు. మూడు పూటలు ఆ ఇంట్లో పాలు తాగి, గేదెలు ఎక్కడ మేస్తాయని ఒక్క మాట అడగలేదు. సముద్రంలో ఒక్క సీసా నీళ్ళు పట్టినా ఎక్కడ, ఎంత లోతున, ఏ పోటున పట్టానో రాయకుండా పెదవి విప్పని మనిషిని, ఇక్కడ చుక్క కొలవకుండా పాలమీద తీర్పు చెప్పాను.

"నీళ్ళు ఏవి తాగుతాయి?" అని అప్పుడు అడిగాను.

"బోరు నీళ్ళు."

"బోరు వాగుకు ఎంత దూరం?"

ఆయన డ్రైవర్‌ను ఆపమన్నాడు. ఇల్లు వచ్చింది.

గేటు దగ్గరే గోడ మీంచి ముసలామె, "సుగుణా, మీ పాల ముచ్చటే చెప్పిండట గదా సారు! పటంచెరంత మారుమోగిందంట" అని కేకేసింది. సుగుణమ్మ మొదట మెచ్చుకోలనుకుంది. మొగుడి మొహం చూశాక లోపలికి వెళ్ళింది. నాకు మాత్రం ఎప్పటిలాగే వేడి రొట్టె పెట్టింది.

శనివారం పొద్దున్న

శ్రీశైలం ఎప్పటిలాగే చీకటితోనే మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టుకుని వెళ్ళాడు. నేను సంచి సర్దుకుని అరుగు మీద కూర్చున్నాను. పొద్దు పొడిచిన కాసేపటికే మోపెడ్ చప్పుడు వినిపించింది. అతను రావలసిన వేళ కాదు. క్యాన్లు దించుతుంటే బరువుకు మోపెడ్ ఒకవైపు ఒరిగింది. అందరం లేచి నిలబడ్డాం.

"ఏమన్నడురా?" అన్నాడు పెంటారెడ్డి.

"తిట్టలే నాయినా. మంచిగనే మాట్లాడిండు. నాలుగు దినాలు ఆగుమన్నడు."

"ఆగితే?"

"గిరాకీలు మర్శిపోతరట. రాత్రి నుంచే దుకాన్‌ల అడుగుతున్నరంట, గీ కోవా ఏ ఊరి పాలదని. నీ మీద నాకు షక్ లేదు గని నా గల్లపెట్టె కూడ నేను చూసుకోవాలె గదా అన్నడు. మర్శిపోయినంక కబురు పెడ్తడట."

"నేను వెళ్ళి సేటు గారితో మాట్లాడతాను" అన్నాను. "నేను పరీక్ష చేయలేదని, ఊరికే ఉదాహరణగా చెప్పానని..."

"వద్దు సారూ" అన్నాడు పెంటారెడ్డి. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు దుకాన్ల నిలబడితే మర్శిపోయెటోళ్ళకు కూడ యాదికొస్తది."

పాలు సీసాలో పట్టిస్తే హైదరాబాదులో నాకు తెలిసినచోట పరీక్ష చేయిస్తానన్నాను. ఖర్చు నాదే అన్నాను. సుగుణమ్మ పట్టిస్తానంది. "పరీక్షల మంచిగనే ఉందని వస్తె, ఆ కాయితం పట్టుకొని ఇంటింటికి తిరగాల్నా?" అన్నాడు శ్రీశైలం.

అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న అనిత ముందుకు వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో పిల్ల తాగే చిన్న స్టీలు గ్లాసు, ఖాళీది.

"సేటు సంగతి తర్వాత చూద్దురు. గది నాకెందుకు? సారూ, ఒక్కటి చెప్పు. పిల్లకు పొయ్యాల్నా, వద్దా?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. "నేను కొలవలేదు."

"మరి నిన్న తెలిసినట్టే చెప్పినవంట గదా."

"అనితా!" అన్నాడు పెంటారెడ్డి.

"తప్పేమన్న మామా? పెద్దసారే గదా, అడుగుతున్న. పిల్ల లేసిన కాడి నుంచి ఏడుస్తుంది."

నేను తల దించుకున్నాను. సుగుణమ్మ తిరిగొచ్చిన క్యాను మూత తీసింది. ఒక చెంబు ముంచుకుని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పాలు మరిగిన వాసన వచ్చింది. చాయ్ పోసిన గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని బయటికొచ్చింది. అతిథిని కాబట్టి మొదటిది నాకే ఇచ్చింది.

"తాగు సారూ. బస్సుకు ఆల్శమైతది" అంది.

గ్లాసు వేళ్ళకు కాలుతోంది. మిగతావాళ్ళు ఎవరూ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. పిల్ల కూడా ఏడుపు ఆపింది. తాగకపోతే నిన్న సభలో అన్న మాట ఈ అరుగు మీద మళ్ళీ అన్నట్టే. తాగితే పాలు మంచివని చెప్పినట్టే, అదీ కొలవని మాటే. రెండూ నాకు తెలుసు. సుగుణమ్మ పళ్ళెం పట్టుకుని ఇంకా నా ముందే నిలబడి ఉంది.

తాగాను. అడుగుదాకా తాగి గ్లాసు కింద పెట్టాను.

అనిత అంతసేపూ నన్నే చూస్తోంది. తర్వాత లోపలికి వెళ్ళి చిన్న గ్లాసు నిండా పాలు తెచ్చుకుంది. నా ఎదుటే కూర్చుని, ఊది చల్లార్చి, పిల్ల నోటికి అందించింది.